బాపు పంటిలో వెండిపుల్ల

మా ఇంట్లో అందరివీ నోటి బతుకులే. తాత ఊరివాళ్ళ నోళ్ళు తెరిపించి పళ్ళు పీకేవాడు. బాపు సన్నాయి ఊదేవాడు. అమ్మ నోటికి ఆ ఇద్దరూ జడిసేవాళ్ళు. నేనేమో పళ్ళు పీకకుండా నిలబెట్టే పని నేర్చుకుని, తాత లెక్కలో వంశానికి చెడబుట్టాను.

మేము మంగలివాళ్ళం. శాలిబండ ఎత్తు ఎక్కాక, గుడి వెనక సందులో మా ఇల్లు. మా కులంలో క్షౌరం, సన్నాయి, చిల్లర వైద్యం మూడూ ఒక గూటి పనులే. కురుపు కోయాలన్నా మమ్మల్నే పిలిచేవాళ్ళు, పెళ్ళిలో తాళి కట్టేవేళ గట్టిమేళం వాయించాలన్నా మమ్మల్నే పిలిచేవాళ్ళు. తాత తన కాలంలో పొద్దున గుడి ముందు సన్నాయి ఊది, ఎండ ఎక్కాక రోడ్డు పక్కన గోనెపట్టా పరుచుకుని కూర్చునేవాడట. ముందర ఒక పట్కారు, ఉప్పునీళ్ళ చెంబు, లవంగాల డబ్బా, ఒక దండ. ఆ దండ పూలది కాదు, పీకిన పళ్ళది. దారినపోయేవాళ్ళకు అదే ఆయన బోర్డు. నాకు ఊహ తెలిసేసరికి ఆయన ఊపిరి తగ్గి సన్నాయి బాపు చేతికి వచ్చింది, పట్కారు గూట్లోకి చేరింది. పళ్ళ దండ మాత్రం వంటింటి గోడకు మేకున వేలాడుతూనే ఉండేది. అమ్మ ఎన్నిసార్లు తీసి పారేయబోయినా తాత పడనివ్వలేదు.

నేను పదిహేడో ఏట డాక్టర్ సాబ్ దుకాణంలో చేరాను. ఆయన కలకత్తాలో దంతవైద్యం చదివి వచ్చిన మనిషి. శాలిబండ నుంచి చార్మినార్ వైపు దిగే దారిలో, ఒక అత్తరు దుకాణం మీది గదిలో ఆయన కుర్చీ, కుట్టుమిషన్ లాగా కాలితో తొక్కితే తిరిగే, పళ్ళు తొలిచే బర్మా ఉండేవి. బాపు నన్ను తీసుకువెళ్ళిన రోజున ఆయన నా చదువు అడగలేదు. నా రెండు చేతులూ చాపించి, వాటి మీద ఒక కాగితం పెట్టి, అది కదులుతుందా అని చూశాడు. కదల్లేదు. "మంగలి చెయ్యి వణకదు" అని బాపుతో అన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు కొలువు దొరికింది.

తాతకు ఆ పని నచ్చలేదు. "పీకుడు చేతగానోడే నింపుతడు" అనేవాడు. నిజానికి ఆ రోజుల్లో లోకమంతా ఆయన పక్షమే. చచ్చిన పన్ను నోట్లో ఉంటే ఒళ్ళంతా విషం పారుతుందని పెద్ద పెద్ద డాక్టర్లే వరసపెట్టి పీకించేవాళ్ళు. ఆ విషయంలో లండన్ డాక్టర్లదీ మా తాతదీ ఒకటే మాట. డాక్టర్ సాబ్ ఒక్కడే ఎదురీదేవాడు. పంటి వేరు లోపల ఒక సన్నని దారి ఉంటుందనీ, అందులోని కుళ్ళును శుభ్రంగా తీసి, వేరు కొసదాకా సందు లేకుండా నింపితే, చచ్చిన పన్ను కూడా మనిషికి ఊడిగం చేస్తుందనీ ఆయన నమ్మకం. నేను ఆ నమ్మకానికి దాసుణ్ణయ్యాను.

ఆయన పద్ధతి నిదానం. ముళ్ళున్న సన్నని తీగతో వేరులోని చచ్చిన నరం లాగేవాడు. సూదుల్లాంటి సన్నటి ఆకురాళ్ళతో వేరు లోపలి గోడలు గీకేవాడు. తరవాత తీగకు దూది చుట్టి, కర్పూరం కలిపిన కార్బాలిక్ మందులో ముంచి, లోపల పెట్టి మూసేసి, రెండురోజులాగి రమ్మనేవాడు. వచ్చాక ఆ దూది తీసి ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. కుళ్ళు వాసన వస్తే మళ్ళీ మొదటికి. మందు వాసన ఒక్కటే వస్తే వేరు శుద్ధి అయినట్టు. అప్పుడు గట్టాపర్చా తీసేవాడు. అది ఏదో దూరదేశపు చెట్టు పాలు గట్టిపడగా చేసిన గులాబీరంగు పుల్ల. సెగ చూపిస్తే మెత్తబడుతుంది, క్లోరోఫారంలో ముంచితే పైపైన కరుగుతుంది. దాన్ని వేరులోకి కూరి, పక్కనుంచి ఇంకో పుల్ల, ఇంకో పుల్ల, ఇక పట్టనంతవరకు కూరేవాడు. ఒక్కో పంటికి పూటంతా పట్టేది. బయట బల్ల మీద కూర్చున్నవాళ్ళు దవడలు పట్టుకుని మమ్మల్ని తిట్టుకునేవాళ్ళు.

నేను చేరిన ఏడో ఏట బొంబాయి నుంచి ఒక చిన్న అట్టపెట్టె వచ్చింది. అందులో వెండి పుల్లలు. మా ఆకురాళ్ళ కొలతకు సరిగ్గా సరిపోయేట్టు, ఒకదాన్ని మించి ఒకటి లావుగా, సూదుల్లా నిటారుగా మెరుస్తూ ఉన్నాయి. ఏ ఆకురాయితో వేరు గీకామో ఆ నంబరు వెండిపుల్ల తీసుకో, సిమెంటు పూయి, లోపలికి తొయ్యి, అయిపోయింది. వంగదు, నలగదు, సగంలో ముడుచుకుపోదు. దాంతోపాటు వచ్చిన కరపత్రాన్ని నేను కూడబలుక్కుని ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. వారంలో నలుగురికి పెట్టాను. నలుగురూ బాగున్నారు. ఇక నా కాళ్ళు నేలమీద ఆనలేదు.

డాక్టర్ సాబ్ మాత్రం పెట్టె మూత తీసి చూసి, మళ్ళీ మూశాడు. "చాందీ మంచిదే బేటా. గానీ మొండిది. వేరు ఎట్లున్నా అది దాని తీరుగనే ఉంటది. గీ గులాబీ పుల్ల అట్ల కాదు. వేరు ఏం చెప్తె అది వింటది" అన్నాడు.

"మీరు పూటంతా చేసేది నేను గడియల చేస్తున్న గద సాబ్" అన్నాను.

"చెయ్యి. సన్నగ, సీదాగ ఉన్న వేరుకు చెయ్యి. నేను వద్దంటలేను" అని ఆయన తన దినపత్రిక విప్పుకున్నాడు. ఆయన వాదించడు. అదే నాకు చిరాకు.

ఆ ఏడాది శివరాత్రి వెళ్ళిన మూడోనాడు బాపు పెదవి వాచింది. పైవరస ముందుపన్ను మొదలు దగ్గర చీము. సన్నాయికి నోటి దగ్గర బిగించే రెల్లును పెదవులతో పట్టుకోవాలి. ఆ పెదవులకు వెనక ముందుపళ్ళే గోడ. గోడ కదిలితే ఊపిరి పక్కలకు పోతుంది, స్వరం నిలవదు. బాపు ఒకసారి ఊదబోయి, కళ్ళలో నీళ్ళు తిరిగి, సన్నాయిని గుడ్డలో చుట్టి పెట్టేశాడు. శ్రీరామనవమికి ఇంకా అయిదు వారాలుంది. గుడిలో రాములవారి కల్యాణానికి మూడు తరాలుగా మా ఇంటి సన్నాయే. తాళి కట్టే క్షణంలో ఆ సన్నాయి ఆగకూడదు. బాపుకు నేనొక్కణ్ణే కొడుకుని, నాకు సన్నాయి రాదు. పన్ను పోతే బాపు సన్నాయి పోయినట్టే, మా ఇంటి సన్నాయి కూడా అక్కడితో ఆగినట్టే. ఈ మాట ఎవరూ పైకి అనలేదు గాని అందరికీ తెలుసు.

తాత గూట్లోంచి పట్కారు తీసి కొబ్బరినూనె రాయడం మొదలుపెట్టాడు. "పీకితె పీడ పోతది. గా పన్ను ఉండద్దు" అన్నాడు.

"పన్ను పోతె మీ కొడుకు ఏం ఊదుతడు, పొయ్యా?" అని వంటింట్లోంచి అమ్మ అడిగింది.

 తాత పట్కారుకు ఇంకాస్త నూనె రాశాడు. ఈ ముసలాయనకు కొడుకు సన్నాయి కంటే తన పట్కారు ఎక్కువైందని నాకు ఒళ్ళు మండింది. ఆ కోపం ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

బాపును కుర్చీలో కూర్చోబెట్టే ముందు ఇంట్లోనే అడగాల్సినవి అడిగాను. డాక్టర్ సాబ్ నేర్పిన మొదటి ప్రశ్న, పంటికి దెబ్బ ఎప్పుడు తగిలింది అని. వేరు ఎలా ఉంటుందో సగం సంగతి ఆ జవాబే చెబుతుంది. అరుగు మీద తాత గోడకు ఒరిగి కూర్చుని ఉన్నాడు. బాపు అటువైపు చూడకుండా, "పోయిన వానకాలంల బావికాడ జారి పడ్డ గద. గప్పుడే తాకింది" అన్నాడు.

జారిపడటం నిజమే. మోకాలు చెక్కుకుపోతే నేనే కట్టు కట్టాను. పంటి సంగతి అప్పుడు చెప్పలేదేమిటి అనుకున్నాను గాని, బాపు నొప్పి చెప్పుకునే మనిషి కాడు కనక సరిపెట్టుకున్నాను. దెబ్బ పాతదైతే పన్ను నల్లబడుతుంది గాని, అది చూడటానికి లేదు. తమలపాకుల పుణ్యమా అని బాపు పళ్ళన్నీ ఒకే రంగు. ఎక్స్‌రే తీయించాలంటే మూసీ దాటి పెద్ద దవాఖానకు పోవాలి. ఒక పంటి కోసం అంతదూరం పోయేవాళ్ళు ఆ రోజుల్లో లేరు.

మొదటిరోజే చీము పోయింది. వాపు తగ్గింది. దూది రెండుసార్లు మార్చాక వాసన పోయింది. నింపే రోజున నాకొక అనుమానం రావాల్సింది. ఆకురాయి లోపలికి పెడితే ఎక్కడా గోడ తగలకుండా జారిపోతోంది. పెట్టెలోకెల్లా లావు వెండిపుల్ల పెట్టి చూశాను. తాత చెప్పులో మనవడి కాలు పెట్టినట్టు ఆడింది.

డాక్టర్ సాబ్ వెనకనుంచి చూస్తున్నాడు. "బేటా, బాపును ఇంకొకసారి అడుగు. చిన్నప్పుడేమన్న దెబ్బ తాకిందా?" అన్నాడు.

"లేదు సాబ్. పోయిన వానకాలమేనట."

"మళ్ళ అడుగు."

"మా బాపు అబద్ధం చెప్పడు సాబ్" అన్నాను, కొంచెం గట్టిగానే.

డాక్టర్ సాబ్ కుర్చీలో కూర్చున్న బాపు వైపు చూశాడు. బాపు నోట్లో దూది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. "అచ్ఛా" అని డాక్టర్ సాబ్ పక్కకు జరిగాడు. నేను వెండిపుల్ల చుట్టూ సిమెంటు దట్టంగా పూసి, సందులన్నీ దాంతోనే పూడ్చాను. చేయి ఒకటి చెబుతోంది, బాపు మాట ఇంకొకటి చెబుతోంది. కొడుకును కదా, బాపు మాటే విన్నాను. అందులో నా గర్వం పాలు కూడా ఉందని ఒప్పుకుంటాను. మా బాపు పంటిలో బొంబాయి వెండి ఉండాలని నాకు ఉబలాటం.

బాపు మళ్ళీ సన్నాయి విప్పాడు. వారం రోజులు గుడి ముందు పొద్దుటి మేలుకొలుపు వినబడింది. నేను దుకాణానికి వెళ్ళే దారిలో ఆగి వినేవాణ్ణి, నా పన్ను ఎలా పలుకుతోందో అని.

ఉగాది నాటి పొద్దున అది సగంలో ఆగింది. ఇంటికి పరుగెత్తేసరికి బాపు అరుగు మీద పెదవి పట్టుకుని కూర్చున్నాడు. అమ్మ ఉగాది పచ్చడి గిన్నె పట్టుకుని నిలబడింది. పెదవి మొదటికంటే ఎక్కువ వాచింది. కల్యాణం ఇక ఎనిమిది రోజులు. తాత లేచి గూటి దగ్గరికి నడిచాడు. పట్కారు చప్పుడు విన్నాను. ఆ పూట నన్ను తిట్టినా బాగుండేది.

 దుకాణంలో ఈసారి డాక్టర్ సాబే కూర్చుని సిమెంటు గీకి, చిన్న పట్కారుతో వెండిపుల్లను పట్టుకున్నాడు. లాగాల్సిన పనే లేకపోయింది. తడితడిగా, నల్లబడి, దానంతట అదే ఊడివచ్చింది. దానివెంట చీము. ఆయన ఆకురాయి లోపలికి పెట్టి, కళ్ళు మూసుకుని, కొస చుట్టూ తడిమి చూశాడు. వేరులో మందు దూది పెట్టి, బాపును బయట బల్ల మీద కూర్చోమని పంపి నన్ను పిలిచాడు.

"ఇది పెద్దమనిషి వేరు కాదు బేటా. పిల్లగాని వేరు."

నాకు అర్థం కాలేదు. ఆయన కాగితం మీద గీసి చూపించాడు. పన్ను మొలిచినప్పుడు వేరు కొస తెరిచే ఉంటుంది. మూడేళ్ళు గడిస్తే గాని సన్నబడి మూసుకోదు. ఆలోపు గట్టి దెబ్బ తగిలి లోపలి నరం చచ్చిందా, ఆ వేరు అంతటితో ఎదగడం మానేస్తుంది. మనిషి ఎదుగుతాడు, మీసాలు వస్తాయి, పెళ్ళవుతుంది, ఆ ఒక్క పన్ను మాత్రం లోపల చిన్నపిల్లవాడిదిగానే ఉండిపోతుంది. తెరిచిన గరాటు లాంటి వేరులో నిటారుగా ఉన్న వెండిపుల్ల ఏ సందునూ మూయలేదు.

"ఏడెనిమిదేండ్లప్పుడు తాకిన దెబ్బ ఇది" అన్నాడు డాక్టర్ సాబ్. "పోయిన వానకాలం కాదు."

ఆ మధ్యాహ్నం ఇంటికి వచ్చి అమ్మను అడిగాను. అమ్మ బియ్యం చెరుగుతోంది. "గా పన్నా? నేను కాపురానికొచ్చిన నాటికే నల్లగుండె. పెండ్లిల తలెత్తి చూసిన గద, మొదలు కండ్లవడ్డది గదే" అంది. మరి బాపు ఎందుకు అబద్ధం చెప్పాడని అడిగాను. చేట ఆపి, అరుగు వైపు కళ్ళతో చూపించింది. 

తాత అరుగు మీదనే ఉన్నాడు. మా మాటలన్నీ విన్నాడు. "ఇట్ల రా" అన్నాడు. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"నేనే కొట్టిన" అన్నాడు. "ఎనిమిదేండ్లోడు. ఒక్కటే జాగల మూడుపార్లు తప్పు ఊదిండు. నాకు కోపమొచ్చి సన్నాయి గొట్టం మీద అరచేత్తోని గుద్దిన. అది వాని నోట్లనే ఉండె."

తాత తన అరచేతిని చూసుకున్నాడు.

"నెత్తురు కారుతుండంగనే నాలుగోపారి ఊదిండు. గప్పుడు సరింగ వచ్చింది. నేనేమన్న తెలుసా? శభాష్ అన్న."

ఆయన చేతిలో పట్కారు ఉంది. దాన్ని ఒకసారి తెరిచి మూశాడు. "నలభై ఏండ్లాయె. ఒక్కపారి గూడ నన్ను అనలె. వాడు నవ్వినప్పుడల్ల గా పన్నే కనవడ్తది. గందుకే పీకుమన్న. నా కండ్ల ముంగట ఉండద్దని."

మా వాళ్ళలో ఒక నమ్మకం ఉండేది. విద్య చెప్పినవాడి దెబ్బ గురించి శిష్యుడు నోరెత్తితే, చెప్పిన విద్య వెనక్కి పోతుందట. సన్నాయివాళ్ళ పిల్లలకు మొదటి స్వరంతో పాటు నేర్పే మాట అది. బాపు ఆ నమ్మకం కోసం దాచాడా, పక్కనున్న తండ్రి మొహం చిన్నబోతుందని దాచాడా, నాకు ఎప్పటికీ తెలియదు. రెండోదే అయి ఉంటుందని నా మనసు చెబుతుంది. ఇంత గట్టి మనిషిని అంటిపెట్టుకుని ఉన్న పన్నును నా తొందరతో పాడుచేశానని ఆ పూట నాకు ఏడుపు వచ్చింది. తాత ముందు ఏడవలేక దొడ్లోకి పోయాను.

మర్నాడు బాపును తీసుకుని బయలుదేరుతుంటే తాత కూడా కర్ర పట్టుకుని వెంట వచ్చాడు. ఏడేళ్ళలో ఆయన మా దుకాణం మెట్లు ఎక్కడం అదే మొదలు. పైకి వచ్చి, రొప్పుతూ, డాక్టర్ సాబ్ ముందు నిలబడ్డాడు. "సాబ్, గా పన్ను నేను కొడితె పోయింది. వాడు చెప్తలేడు. నేను చెప్తున్న" అన్నాడు.

కుర్చీలో కూర్చున్న బాపు కంగారుగా లేచాడు. "ఆయన మాట వట్టుకోకుండ్రి సాబ్. ముసలోడైండు, మతి ఉంటలేదు. నేను బావికాడనే పడ్డ."

తాత కర్ర నేలకు ఆనించి కొడుకు వైపు చూశాడు. బాపు ఆయన వైపు చూడలేదు. డాక్టర్ సాబ్ ఇద్దర్నీ చూసి, తాతకు ముక్కాలి పీట జరిపాడు. "బైఠో బడే మియా" అన్నాడు. "మీరు పండ్లు పీకేటోళ్ళట. మీ ముక్కు నాకు పనికొస్తది."

ఆయన అన్నంత పనీ చేశాడు. రోజు విడిచి రోజు దూది మార్చినప్పుడల్లా దాన్ని ముందు తాత ముక్కు దగ్గర పెట్టేవాడు. యాభై ఏళ్ళు కుళ్ళిన పళ్ళ మధ్య కూర్చున్న ముక్కు అది. మొదటిసారి తాత తల అడ్డంగా ఊపాడు. రెండోసారి, నాకూ డాక్టర్ సాబ్‌కూ మందు వాసన తప్ప ఏమీ తగలకపోయినా, "లోపట ఇంక ఉన్నది" అన్నాడు. ఇంకోసారి కడిగితే నిజంగానే కాస్త మురికి వచ్చింది. దూది కూడా ఇంటినుంచే వచ్చింది. దుకాణంలో దూది ముతకగా ఉందని నేనంటే, దీపాల వత్తులకు ఏరి పెట్టుకున్న పత్తిలోంచి అమ్మ ఇంత తీసి, గింజ నలుసు లేకుండా విడదీసి ఇచ్చింది. "ఎనిమిది దినాలల్ల నయం గాకుంటె గా పండ్ల దండల నీ పన్ను గూడ గుచ్చుత" అని నన్ను బెదిరించింది కూడా.

నాలుగోసారి దూది తీసినప్పుడు తాత చాలాసేపు వాసన చూశాడు. "ఇగ నింపుండ్రి" అన్నాడు. ఆ మాట ఆయన నోటివెంట వింటానని నేను ఎన్నడూ అనుకోలేదు.

ఆ రోజు డాక్టర్ సాబ్ నాకొక సంగతి నేర్పాడు. మూడు గులాబీ పుల్లలు తీసి, స్పిరిట్ దీపం సెగన మెత్తబరిచి, ఒకదానికొకటి అతికించాడు. రెండు గాజు పలకల మధ్య పెట్టి, "నువ్వు చెయ్యి" అన్నాడు. అమ్మ వత్తి చేసినట్టు పై పలకను ముందుకూ వెనక్కూ నెడుతూ దాన్ని ఒకటే లావుపాటి పుల్ల చేశాను. ఈ లోకంలో ఇంకే పంటికీ పనికిరాని పుల్ల, మా బాపు పంటికే చేసింది. చన్నీళ్ళలో గట్టిపడనిచ్చి, కొసను మాత్రం క్లోరోఫారంలో ఒక్క క్షణం ముంచి, వేరులోకి నెట్టి ఆగాను. బయటికి తీస్తే దాని కొస మీద ఆ వేరు అచ్చు దిగింది. అడుగున వెడల్పుగా, కొంచెం పక్కకు ఒరిగి, నలభై ఏళ్ళుగా ఎదగకుండా ఆగిపోయిన వేరు.

తాత చూస్తానన్నాడు. ఆయన చేతిలో పెట్టాను. కళ్ళు సరిగా ఆనవు కనక బొటనవేలితో తడిమాడు. "గింతనే ఉండె వాడు" అన్నాడు. నాకు తిరిగి ఇచ్చేశాడు.

దాన్ని మళ్ళీ స్పిరిట్‌తో తుడిచి ఆరనిచ్చి, పల్చగా సిమెంటు పూసి, అచ్చు దిగిన తీరుకే తిప్పి లోపలికి పంపాను. ఎక్కడా ఆడలేదు. పక్కన ఇంకో సన్నపుల్లకు కూడా చోటు లేకపోయింది. డాక్టర్ సాబ్ తన కొక్కెంతో చుట్టూ తట్టి చూసి తలూపాడు. వెండి చెడ్డదని ఆ రోజు కూడా ఆయన అనలేదు. సన్నని వేళ్ళకు వాడమని ఆ పెట్టె నాకే ఇచ్చేశాడు. ఆ తరవాత చాలా ఏళ్ళు వాడాను కూడా. అయితే ఏ పుల్ల పెట్టాలో తేల్చేముందు చేయి చెప్పేది వినడం అలవాటు చేసుకున్నాను.

అంతా అయ్యాక దుకాణం పుస్తకంలో కేసు రాయడం నా పని. ఏ పన్ను, ఏ మందు, దేంతో నింపాం, దెబ్బ ఎప్పుడు, ఎలా. కలం పట్టుకుని బాపు వైపు చూశాను. పెదవి ఇంకా కొంచెం మొద్దుగా ఉంది. తాత ఆయన పక్కనే కూర్చుని ఉన్నాడు. "దెబ్బ ఎప్పుడు బాపూ?" అని అడిగాను.

"ఎన్నిపార్లు చెప్పాలె? పోయిన వానకాలం. బావికాడ" అన్నాడు బాపు.

రాశాను.

శ్రీరామనవమినాడు ఎండ మండిపోయింది. గుడి ముందు పందిట్లో ఇసుక వేస్తే రాలనంత జనం. డాక్టర్ సాబ్ రోడ్డు అవతల, తనకు తెలిసినవాళ్ళ దుకాణం నీడలో నిలబడ్డాడు. నేనూ తాతా పందిరి గుంజ దగ్గర కూర్చున్నాం. బాపు రెల్లును పెదవుల మధ్య పెట్టుకుని సవరించుకున్నాడు. జీలకర్ర బెల్లం అయింది. పూజారి తాళి ఎత్తి చూపించి మేళగాళ్ళను కానివ్వమన్నాడు. డోళ్ళు ఒక్కసారిగా మోగాయి, వాటి మీదుగా బాపు సన్నాయి లేచింది. తాళి ముడులు పడేదాకా, తలంబ్రాల మొదటి దోసిలి పడేదాకా అది తెగలేదు. పక్కనున్న తాత ఎడమచేతి వేళ్ళు ఒళ్ళో పంచె మీద సన్నాయి రంధ్రాలు మూస్తూ తెరుస్తూ ఉన్నాయి. ఒక్కచోట ఆ వేళ్ళు ఆగాయి. బాపు ఆ జాగా దాటాక మళ్ళీ కదిలాయి.

జనం పానకం కోసం ఎగబడుతున్నప్పుడు తాత నా మోచేయి పట్టుకున్నాడు. "మీ దుకాణం బుక్కుల ఏం రాసినవ్?" అన్నాడు.

"పోయిన వానకాలం బావికాడ జారి పడ్డడని రాసిన."

"తప్పు రాసినవ్. కొట్టేయ్. నేను చెప్పిన గద."

"నేనైతె కొట్టేయ తాతా" అన్నాను. "మా బాపు అబద్ధం చెప్పడు."

తాత నా వైపు తిరగలేదు. పందిట్లో సన్నాయిని గుడ్డలో చుట్టుకుంటున్న కొడుకునే చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి, లేవడానికి నా భుజం మీద చేయి వేశాడు.